డబ్బాలో మాయమైన మందు

(‘ఊపిరి డబ్బా’ సీరియల్ - పద్నాలుగో భాగం)

పోయినవారం వర్ష ముందర ఒక కాగితం, చేతిలో ఒక పెన్ను పెట్టి మనం హాయిగా పక్కకు తప్పుకున్నాం. పాపం, ఆ పిల్ల వారం రోజులుగా ఆ పెన్ను పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "సంతకం పెట్టొద్దని చెప్పండి" అంటూ కొందరు పాఠకులు నాకు ఉత్తరాలు కూడా రాశారు. నేను చెప్పడమేమిటండీ, కర్మన్‌ఘాట్ పిల్లకు ఒకరు చెప్పాలా!

ఈవారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎల్బీనగర్ రింగురోడ్డు పక్క సందులో, మొదటి అంతస్తులో శ్రీరామమూర్తిగారి చిన్న ల్యాబు ఉంది. ఆయన పాతికేళ్ళ కింద కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మందుల శాస్త్రవేత్త. ఆయాసం ఉన్న ముసలివాళ్ళకీ చిన్నపిల్లలకీ ఇన్‌హేలర్ నొక్కడమూ గాలి పీల్చడమూ ఒక్కసారి కుదరవు. ఆ క్షణం తప్పితే మందు నాలుక మీదే పడిపోతుంది. అందుకని ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టుకునే ఒక ప్లాస్టిక్ డబ్బాను ఆయన తయారుచేశాడు. మందు ముందు డబ్బాలో నిండుతుంది, మనిషి తీరిగ్గా పీల్చుకుంటాడు. ఆ డబ్బాను పరీక్షించే పని వర్షది. పుణెలో ఒక పెద్ద కంపెనీ దాన్ని దేశమంతా అమ్ముతానంది. షరతు ఒక్కటే: కొట్టిన మందులో వందకు కనీసం నలభై పాళ్ళు ఊపిరితిత్తుల దాకా దిగాలి.

దసరాకు ముందు వర్ష పరీక్షిస్తే నలభై ఆరు వచ్చింది. పండగ మర్నాడు, కంపెనీకి లెక్క పంపాల్సిన అసలు పరీక్షలో పందొమ్మిది వచ్చింది. మూడు డబ్బాలు మారిస్తే మూడుసార్లూ అంతే. ఇంకా వెతుకుదామనుకుంటే కరెంటు పోయింది. సకల జనుల సమ్మె రోజులవి. బొగ్గు గనుల్లో పని ఆగి ఊరంతా కరెంటు కోతలు, డిపోల్లో బస్సులు కదలడం లేదు.

ఇదిగో, ఇప్పుడు శనివారం పొద్దున ఎనిమిదిన్నర. బల్ల మీద కాగితం. బల్లకు అటువైపు త్రినాథరావు. శ్రీరామమూర్తిగారి భార్య వేదవతికి తమ్ముడు, ల్యాబులో భాగస్వామి. వయసు నలభై, మాటలో మర్యాదకు లోటుండదు, మనసు సంగతి మాత్రం ఆ దేవుడికే ఎరుక.

"చదువుకున్నావుగా అమ్మా. ఇంకెందుకు ఆలస్యం? సంతకం పెట్టేస్తే అందరికీ మంచిది" అన్నాడు.

వర్ష ఆ కాగితాన్ని మూడోసారి చదివింది. ‘పరీక్ష సరిగా చేయని తప్పు నాది. ఉద్యమ కార్యక్రమాల్లో తిరుగుతూ పని మీద ధ్యాస పెట్టలేకపోయాను. క్షమించగలరు.’ కింద తన పేరు, పేరు పైన సంతకానికి ఖాళీ. ఒళ్ళు మండిపోయింది. సమ్మె మొదలైన నాటి నుంచీ ఒక్కరోజు మానకుండా, బైరామల్‌గూడ మీదుగా ఎండలో నడిచి ల్యాబుకు వస్తున్నది తనే. సాయంత్రం పని ముగించాకే ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పుకు వెళ్ళింది. రోడ్డు మీద పొయ్యి పెట్టి నలుగురితో కలిసి అన్నం వండితే, ఇక్కడ కొలత తప్పుతుందా?

"నేను పెట్ట సార్" అంది.

"ఏంటీ?"

"సంతకం పెట్ట. తెలంగాణ కావాలన్న, అవును. చౌరస్తాల కూసున్న, అవును. గాని కొలత మాత్రం నేను తప్పలే. ఆ రెండూ కలిపి రాసిండ్రు చూడుండ్రి, గది మాత్రం మంచిగలేదు."

"నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా. మీవాళ్ళిద్దరు అసిస్టెంట్లు సమ్మె అని రావడం మానేశారు. ఒక్కదానివీ ఎన్ని పనులని చూస్తావు? ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది. నువ్వు కావాలని చేశావని నేనన్నానా?"

"అనలేదు. రాసిండ్రు."

త్రినాథరావు నవ్వబోయి మానుకుని, గది మూలన కుర్చీలో కూర్చున్న శ్రీరామమూర్తిగారి వైపు చూశాడు. "మీరైనా చెప్పండి బావగారూ. పదకొండింటికి కరెంటు పోతుంది, ఈలోపు కాగితం కంపెనీకి పంపించాలి. ఒక మనిషి తప్పని తేలితే ఇంకో పరీక్షకు ఒప్పుకుంటారు. డబ్బాయే తప్పని తేలిందా, మీ పదేళ్ళ కష్టం మూసీలో కలిసినట్టే!"

శ్రీరామమూర్తి తల దించుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి, ఒక్క రోజులో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు. ఎవరినీ నొప్పించలేని ఆ మంచితనమే ఇవాళ వర్షకు కోపం తెప్పించింది. ఆయన నోరు విప్పి "ఈ పిల్ల తప్పు చేయదు" అని ఒక్కమాట అంటే చాలు కదా!

"సార్, మా నాయినమ్మ అండాలమ్మ మీకెర్కనే కదా" అంది వర్ష ఆయనతోనే. "మీ డబ్బా పెట్టుకుని పీలిస్తేనే ఆమెకు దమ్ము ఆడుతున్నది. ఒకప్పుడు మా కర్మన్‌ఘాట్‌ల వడ్ల కొలతకు ఊరంత మా ఇంటి మానికె కోసమే వచ్చేటోళ్ళు. నాయినమ్మ కొలిస్తే మళ్ళ ఎవరూ కొలుచుకోకపోతుండె. పొలాలు పోయినయి, ప్లాట్లయినయి, గాని ఆ పేరు పోలే. నేను కొలిచింది తప్పని నా చేతితోని రాసిస్తే, రేపటి సంది నేను ఏం కొలిచినా ఎవరు నమ్ముతరు? నౌకరీ పోతే పోనీ సార్. కొలిచే చెయ్యి అబద్ధమాడిందన్న పేరు మాత్రం నాకొద్దు."

గుమ్మం దగ్గర గాజుసామాను బుట్టతో నిలబడ్డ కిష్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ల్యాబులో గాజుసామాను కడిగేది ఆమే.

"పదకొండు దాక టైమియ్యుండ్రి సార్" అంది వర్ష. "మీ ఇద్దరి ముందట మళ్ళ చేస్త. తప్పు నాదని తేలితే, గీ కాగితమేంది, గోడ మీద రాసైనా సంతకం పెడుత."

శ్రీరామమూర్తి తలెత్తాడు. "చెయ్యి తల్లీ" అన్నాడు.

త్రినాథరావు గడియారం చూసుకున్నాడు. అతని తొందర చూస్తే వర్షకు ఎందుకో వింతగా అనిపించింది. కానీ ఆలోచించే తీరిక ఎక్కడిది?

పరీక్ష చేసే యంత్రం పేరు ఇంపాక్టర్. పేరుకు బెదిరిపోకండి, ఎనిమిది గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్ అనుకోండి. పైన డబ్బా బిగించి మందు కొడతారు. కింద నుంచి పంపు గాలి లాగుతుంది. లావు రవ్వలు పై గిన్నెల్లోనే ఆగిపోతాయి, అంటే మనిషి గొంతులో ఆగేవన్నమాట. సన్న రవ్వలు కింది గిన్నెల దాకా దిగుతాయి, అవే ఊపిరితిత్తులకు చేరేవి. ఆ తర్వాత గిన్నెలను ఒక్కొక్కటిగా ద్రావకంతో కడిగి, ఏ గిన్నెలో ఎంత మందుందో ఇంకో యంత్రంలో కొలుస్తారు. చెయ్యి వణికినా, ఒక చుక్క జారినా లెక్క గల్లంతే.

వర్ష చెయ్యి వణకలేదు. దసరా ఆయుధపూజలో పెట్టిన ఆరు డబ్బాల్లో మూడు నిన్నటి పరీక్షకు పోయాయి. మిగిలిన మూడింటిలో ఒకదాన్ని పొద్దున వచ్చీరాగానే, ఎందుకైనా మంచిదని, సబ్బునీళ్ళలో ముంచి తీసి ఫ్యాను కింద బోర్లించి ఉంచింది. అది ఇంకా ఆరలేదు. అల్మరాలోంచి తళతళలాడుతున్న నాలుగోదాన్ని తీసి బిగించింది. పదిసార్లు మందు కొట్టింది, ప్రతిసారీ లెక్కపెట్టి మరీ. గిన్నెలు విప్పింది, కడిగింది, కొలిచింది. త్రినాథరావు ఆమె భుజం మీంచి తొంగి చూస్తూనే ఉన్నాడు. అతనికి చూడడానికి అన్నీ ఉన్నాయి, అర్థం కావడానికే ఏమీ లేవు.

తొమ్మిదిన్నరకు అంకె వచ్చింది. ఇరవై.

"చెప్పానా! మళ్ళీ అదే!" అన్నాడు త్రినాథరావు. ఆ గొంతులో విచారం కంటే ఊరట ఎక్కువగా వినిపించింది.

వర్ష అన్ని గిన్నెల లెక్కా కాగితం మీద కూడింది. కింది గిన్నెల్లో ఇరవై, పైవాటిలో పద్దెనిమిది. మొత్తం ముప్పై ఎనిమిది. వంద కొడితే ముప్పై ఎనిమిదే దొరికిందా? మిగతా అరవై రెండు పాళ్ళ మందు ఎటు పోయినట్టు? గాలిలో కలిస్తే గది నిండా మందు వాసన కొట్టదూ?

"సార్, మందు తక్కువ దిగలే. మందు మాయమైంది" అంది.

శ్రీరామమూర్తి కుర్చీలోంచి లేచాడు. నిన్నటి పరీక్ష తర్వాత ఆయన ముఖంలో మొదటిసారి శాస్త్రవేత్త కనిపించాడు. "డబ్బా గోడలు కడిగి చూశావా?" అన్నాడు.

"నిన్న కడిగేలోపే కరెంటు పాయె సార్. ఇప్పుడు చూస్త."

యంత్రం పైనుంచి డబ్బాను విప్పి, లోపలి గోడలను ద్రావకంతో కడిగి, ఆ నీళ్ళు కొలిచింది. యాభై తొమ్మిది! పోయిన మందంతా డబ్బా గోడలకే అంటుకుని కూర్చుంది. నోటి దాకా వచ్చిన మందును ఈ డబ్బా ఊపిరికి చేరనివ్వకుండా తనే మింగేసింది.

"అంటే డబ్బాయే చెడ్డదన్నమాట" అన్నాడు త్రినాథరావు.

వర్ష అల్మరాలో మిగిలిన ఐదో డబ్బాను బయటికి తీసింది. బల్ల మీది పాత దినపత్రిక అంచు చింపి, చిటికెడు ముక్కలు చేసి, డబ్బాను వాటి మీదకు తెచ్చింది. కాగితం ముక్కలు టపటపా లేచి డబ్బాకు అతుక్కున్నాయి. చిన్నప్పుడు తల దువ్విన దువ్వెనతో మనమంతా ఆడిన ఆటే.

"గిది చూడుండ్రి సార్. డబ్బాకు కరెంటు పట్టింది. పొడిగుడ్డతోని ఎవరో గట్టిగా తుడిచిండ్రు. ప్లాస్టిక్‌ను తుడిస్తే మందును గిట్లనే గుంజుకుంటది. సబ్బునీళ్ళల్ల ముంచాలె, దానంతట అదే ఆరాలె, గుడ్డ ముట్టొద్దు."

అందరి చూపులూ కిష్టమ్మ మీదకు మళ్ళాయి. పేదవాళ్ళ మీదకు చూపులు మళ్ళడానికి ఎంతసేపని!

"నువ్వేనా కిష్టమ్మా తుడిచింది?" అన్నాడు త్రినాథరావు.

కిష్టమ్మ బుట్ట కింద పెట్టింది. నడుము మీద చెయ్యి వేసుకుంది. "నేను ముట్టలే సారూ. ఏడేండ్ల సంది కడుగుతున్న, ఒక్క గ్లాసు పగలగొట్టలే. గీ డబ్బలకు గుడ్డ ముట్టియ్యొద్దని వర్షమ్మ చెప్పింది, ముట్టియ్యలే. పండుగకు ముందు కడిగి వరుసగ పెట్టిన, గంతే. ఆ తర్వాత ఎవరు తుడిచిన్రో నన్నడగకుండ్రి."

"అంటే నీకు తెలుసన్నమాట. ఎవరు?"

కిష్టమ్మ పెదవి బిగించింది. ఆమె కళ్ళు మాత్రం ఒక్కసారి శ్రీరామమూర్తిగారి మీద వాలి, చప్పున నేలకు దిగాయి. వర్ష ఆ చూపు పట్టుకుంది. వద్దు, ఇది నిజం కావద్దు అనుకుంది. కానీ కొలిచే మనిషికి వద్దనుకునే హక్కు ఎక్కడుంటుంది?

"సార్, ఆయుధపూజనాడు డబ్బలకు కుంకుమ బొట్లు పెట్టిండ్రు. నేను పరీక్ష చేసిననాడు బొట్లు లేవు. ఎవరు తీసిండ్రు?" అని మెల్లగా అడిగింది.

శ్రీరామమూర్తి తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"నేనే" అన్నాడు.

"బావగారూ!"

"నేనే త్రినాథా. అమ్మవారి దగ్గర పెట్టిన కుంకుమ. కడిగితే తూములో కలుస్తుంది, పదిమంది కాళ్ళ కింద పడుతుంది. అందుకని పండగ మర్నాడు పొద్దున్నే వచ్చి, పూజలో వేసుకున్న పట్టుకండువాతో ఒక్కోదాన్నీ తుడిచాను. లోపలా బయటా, అద్దంలా మెరిసేదాకా. తుడిచి కళ్ళకద్దుకుని అల్మరాలో పెట్టాను."

వర్షకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "తుడవద్దని నాకు నేర్పింది మీరే కద సార్! నౌకరీల చేరిన మొదటిరోజు, మొదటి మాట అదే కద!"

"అవును తల్లీ. వందమందికి చెప్పాను. కానీ ఆ పొద్దున నేను తుడుస్తున్నానని అనుకోలేదమ్మా. దణ్ణం పెడుతున్నాననుకున్నాను."

ఈ మాటకు నేనేమనగలను? కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించుకుంటూ పోయే జాతి మనది. పనిముట్టుకు మొక్కడం మన రక్తంలోనే ఉంది. ఆ మొక్కే పనిముట్టును పాడుచేస్తుందని ఏ పురోహితుడు చెప్పాడు కనుక?

వర్ష గడియారం చూసింది. పది దాటి ఐదు నిమిషాలు. ఫ్యాను కింద బోర్లించిన డబ్బా ఆరిపోయింది. పట్టుకండువా మహిమను సబ్బునీళ్ళు కడిగేసిన డబ్బా అదొక్కటే. దాన్ని కాగితం ముక్కల మీదకు తెచ్చింది. ఒక్క ముక్క కూడా కదల్లేదు.

"ఇంక మాటలొద్దు సార్, కరెంటు పోతది" అంటూ యంత్రానికి బిగించింది.

ఈసారి శ్రీరామమూర్తిగారే పక్కన నిలబడి గిన్నెలు అందించాడు. కిష్టమ్మ గడియారం కింద నిలబడి టైము చెబుతూ వచ్చింది. త్రినాథరావు కిటికీ దగ్గరకు వెళ్ళి ఫోను నొక్కుకుంటూ, తీసి జేబులో పెట్టుకుంటూ, మళ్ళీ తీస్తూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. డబ్బా బాగుందని తేలితే సంతోషించాల్సిన భాగస్వామికి ఈ గాభరా ఏమిటి?

పదకొండుకు నాలుగు నిమిషాలుందనగా యంత్రం మీద అంకె నిలబడింది. నలభై ఏడు.

కిష్టమ్మకు అంకె అర్థం కాకపోయినా ముఖాలు అర్థమయ్యాయి. "అయిందా బిడ్డా?" అంది.

"అయింది కిష్టమ్మా! ముందటికన్న ఒకటి ఎక్కువే అయింది!"

ఆ క్షణాన వర్ష ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. గర్వమంటే ఇదేనేమో అనుకుంది. ఎవరినో ఓడించినందుకు కాదు. అందరూ వేలెత్తి చూపించినా తన కొలత తన పక్కనే నిలబడినందుకు. ఇంటికి పోయి నాయినమ్మకు మొదట ఈ అంకే చెప్పాలనుకుంది.

శ్రీరామమూర్తి బల్ల దగ్గరకు వెళ్ళి ఆ క్షమాపణ కాగితాన్ని తీసుకున్నాడు. నిదానంగా నాలుగు ముక్కలు చేశాడు. ఇంకో తెల్లకాగితం ముందుకు లాక్కుని కూర్చుని, "చూడు తల్లీ, పాతికేళ్ళుగా మీ ఊళ్ళో ఉంటున్నాను. ఇందాక నీ గురించి ఒక్కమాట అనలేకపోయాను, నాకు సిగ్గుగా ఉంది. ఇప్పుడు రాస్తాను. తప్పు నాది, కొలత నీది. సంతకం నేను పెడతాను" అన్నాడు.

"బావగారూ, వద్దు! మీరు రాయకండి!" త్రినాథరావు గొంతు కీచుగా వచ్చింది. "ఇప్పుడు ఇంకో ఉత్తరం వెళితే... అంటే... మొదటిదానికీ దీనికీ పొంతన ఉండొద్దూ?"

"మొదటిదేమిటి? అది చింపేశాను కదా" అన్నాడు శ్రీరామమూర్తి.

ఫ్యాను ఆగిపోయింది. పదకొండు. ఆ నిశ్శబ్దంలో, కరెంటుతో పనిలేని పాత ల్యాండ్‌లైన్ గణగణమని మోగింది. దగ్గరగా ఉన్నది వర్షే. రిసీవర్ ఎత్తింది.

"పుణె నుంచి సూర్యప్రభను మాట్లాడుతున్నాను. క్వాలిటీ హెడ్‌ని. వర్షగారున్నారా?" శుభ్రమైన విశాఖపట్నం తెలుగు.

"నేనే మేడమ్."

"నిన్న సాయంత్రం మెయిల్లో మీ ఉత్తరం అందింది. తప్పు ఒప్పుకుని సంతకం చేయడానికి ధైర్యం కావాలమ్మా, అందుకు మెచ్చుకుంటున్నాను. కానీ ఉద్యమంలో పడి పరీక్ష పాడుచేశానని మీరే రాశాక, ఇకమీదట మీ చేతి లెక్కలు మేం తీసుకోలేం. ఆ మాట మీకే చెబుదామని చేశాను."

వర్ష చూపు బల్ల మీది నాలుగు ముక్కల మీద పడింది. సంతకం చోటు ఖాళీగానే ఉంది. అంటే ఇవాళ పొద్దుటి నుంచీ తనను పెట్టమన్నది, నిన్ననే ఎవరో పెట్టేసిన సంతకానికి జోడీ సంతకమన్నమాట! తలెత్తి త్రినాథరావును చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతని చెయ్యి అప్పటికే చొక్కాజేబులోని పెన్ను మీదకు పోయింది.

"మేడమ్, గా సంతకం నాది కాదు" అంది వర్ష. "నేను ఏ కాగితం మీద పెట్టలే."

సూర్యప్రభ గొంతు మారింది. "అయితే ఇది ఫోర్జరీ అవుతుంది. ఎవరు చేశారో మీకు తెలుసా? తెలిస్తే ఇప్పుడే చెప్పండి. లైన్లోనే ఉంటాను."

ఆ మాటలు వినపడకపోయినా శ్రీరామమూర్తికి అర్థమైపోయింది. ముఖం తెల్లబోయింది. లేచి వచ్చి, రిసీవర్ కోసం చెయ్యి చాచాడు. త్రినాథరావు ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. వేదవతక్కయ్య ముఖం చూసైనా..."

శ్రీరామమూర్తి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వర్ష ఆయన కళ్ళలోకి చూసింది. ఒక పక్క ఇంటి ఇల్లాలి తమ్ముడు, ఇంకో పక్క తను.

వర్ష రిసీవర్‌ను ఆయన చేతికి ఇవ్వలేదు. తన చెవికే ఇంకాస్త గట్టిగా ఆనించుకుంది.

"సార్, పోయింది నా పేరు" అంది. "నేనే చెప్త."